పోవడానికే పూసే పూత

రూసె పట్నంలో, దాన్యూబ్ ఒడ్డు పొడవునా
నలభై ఒక్క బెంచీలు మా ఇద్దరి లెక్క.
కుంచె పెన్కాది, వేడినీళ్ల గొట్టం నాది.

అక్టోబరులో, రాత్రి తడి ఆరేదాకా ఆగి
చెక్క చెక్కకీ మైనం పట్టిస్తుంది,
సందుల్లోకి, మేకుల తలల చుట్టూ.
నేను చేరిన రోజున ఒక్కసారే చెప్పింది:
"ఇది నిలవడానికి కాదు వెలిన్, పోవడానికి.
ఎవడేం రాసినా దీని మీదే రాస్తాడు.
ఇది కరిగినప్పుడు వాడి రాతా కరుగుతుంది.
చెక్కకి ఆ సంగతే తెలీదు."

పందొమ్మిదేళ్లు బడిలో భాష చెప్పిన మనిషి.
పిల్లలు తగ్గి, తగ్గి,
ఆఖరి ఏడు తరగతికి ఆరుగురు మిగిలి
బడికి తాళం పడింది.
కుంచెనిప్పటికీ సుద్దముక్కలా మూడువేళ్లతోనే పట్టుకుంటుంది.

ఓ సోమవారం
పదిహేడో నంబరు బెంచీ వీపు మీద
ఎర్రరంగు చిమ్మి ఉంది:
మేయరు దొంగ.
దొంగ అన్న మాటలో మొదటి అచ్చు తప్పు.
ఈ తూర్పువైపు నోళ్లు ఎలా పలుకుతాయో అలాగే రాసేశాడు.

నేను గొట్టం ఎత్తాను.
"ఆగు" అంది.
కోటు జేబులో ఇంకా సుద్ద ఉంటుందని నాకేం తెలుసు?
తప్పు కొట్టేసి, పైన సరైన అచ్చు పెట్టి,
పక్కన మార్కు వేసింది: ఆరుకి రెండు.
"రేపు కడుగుదాంలే."

మర్నాడు కడిగాం. మళ్లీ మైనం.

తర్వాతి సోమవారం అదే బెంచీ, అదే ఎరుపు,
అదే మాట, అచ్చు సరిగ్గా.
కింద, చీమల్లాంటి అక్షరాలతో:
ఇప్పుడెంత?

పెన్కా ఆ బెంచీ మీదే, కాస్త పక్కకి జరిగి, కూర్చుంది.
ఇసుక పడవ ఒకటి ఎదురీదుతోంది,
అది వంతెన దాటేదాకా చూసింది.
లేచి, అయిదు వేసింది.
"ఆరెందుకు కాదు?" అన్నాను.
"వాక్యం చివర చుక్కేదీ?"

ఈసారి కూడా మర్నాడే కడిగాం.
ఎర్రనీళ్లు నా బూట్ల మీదుగా కాలువలోకి పోయాయి,
ఆవిరి పోయాక చూస్తే
చెక్క ఎప్పటి చెక్కే.

నెలాఖరున పురపాలక కార్యాలయానికి ఒక కాగితం పంపాలి.
బెంచీ నంబరు, తేదీ, వాడిన మైనం.
నాలుగో గడి: తొలగించిన రాత, ఉన్నదున్నట్టుగా.

కళ్లజోడు తుడుచుకుని, గుండ్రటి దస్తూరీతో
పెన్కా ఆ గడి నింపింది,
అచ్చుతప్పు లేకుండా,
చివర చుక్క పెట్టి.