వెంట్రుకవాసి

కార్బురేటర్ ఒంటిమీద ఉండాల్సిన రేకుబిళ్ళ లేదు.
నంబరు లేనిదానికి ఊరూ పేరూ ఎవరు చెప్తారు?

ఇత్తడి ఫ్లోటును వేడినీళ్ళలో ముంచాను,
సన్నగా మూడు బుడగలు.
టంకం వేశాను. అది తేలిక.
పంపు తోలుగిన్నెను పాత చేతితొడుగులోంచి కత్తిరించాను.
కొత్త కిట్టులోవన్నీ దాదాపు సరిపోయాయి.
దాదాపు దగ్గరే పెట్రోలు కారుతుంది.

మిగిలినవి రెండు సూదులు.

మన్సీ ఊరి బయట, కోసేసిన మొక్కజొన్న చేలో
పాత సామాన్ల సంత. అక్టోబరు మంచు.
ఐసు ట్రేల నిండా జెట్లు పోసుకుని
ఆర్విల్ స్టాంపర్.
ధర అడిగితే
"ముందు దాని గొంతు వినిపించు" అన్నాడు.
ఫోన్లో దాని దగ్గు వినిపించాను.
కళ్ళు మూసుకున్నాడు,
పక్కన ఎవరో బంపరుకి బేరమాడుతున్నా.
"ఎక్కువ తాగుతోంది."
కాగితంలో చుట్టిచ్చాడు. నాలుగు డాలర్లు.

తప్పు చెప్పాడు.
తప్పు కూడా కాదు, వెంట్రుకవాసి లావు.
ఇప్పుడు బండికి గొంతెండిపోతోంది.

వసంతంలో మళ్ళీ వెళ్ళాను.
ఆ చోట ఒక కుర్రాడు ప్లాస్టిక్ డైనోసార్లు అమ్ముతున్నాడు.
ఆర్విల్ ఎవరో తెలీదన్నాడు.

వెయ్యి నంబరు గరుకుకాగితం తడిపి,
సూదిని డ్రిల్లుకి బిగించి తిప్పాను.
ఎన్ని చుట్లో లెక్కపెడుతుంటే
మర్లీన్ అన్నానికి పిలిచింది.
లెక్క పోయింది.

రాత్రి పదకొండుకి
ఎనిమిది సిలిండర్లూ ఒక్క మాటమీద నిలబడ్డాయి.

సార్డీన్ డబ్బా మూత కత్తిరించి బిళ్ళ చేశాను.
నంబరు గీకలేదు.
"స్టాంపర్ చెప్పినదానికి
కాస్త తక్కువ" అని గీకాను.