సామాన్ల లిస్టు

ఇనుప మంచాలు ముప్పై ఒకటి.
స్టీలు పళ్లాలు నలభై, అండ్ల ఏడు సొట్టవి.
గ్యాస్ పొయ్యిలు రెండు, ఒకటి అంటుకోదు.
బకెట్లు, పరుపులు, బీరువా, గోడ గడియారం.
ఆఖరి లైన్ల
మనుషులు ఇరవై ఏడు.

సారు చదివినిపిచ్చిండు.
మర్యాదస్తుడే, చెప్పులు గడప అవతల్నే ఇడిసిండు.
"హోం ఎత్తేస్తున్నరమ్మా,
ఇగ అందరు ఇంటికాడ్నే ఉంటరు,
నలుగురిల కలిసి" అన్నడు.
మాట మంచిదే. ఇననీకె నాకూ తియ్యగున్నది.

పంతొమ్మిదేండ్ల సంది రాత్రి డ్యూటీ ఆయాను.
మీ కాయితంల లేనియి నేను చెప్త,
రాస్కోండ్రి సారూ.

మూడో మంచం బక్కన్న. నలభై ఆరేండ్ల పిల్లగాడు.
వాని నోట్లె ఒక్కటే మాట, "అయిపాయె".
ఆకలైనా అయిపాయె, వానొచ్చినా అయిపాయె.
ఏ అయిపాయెకు అన్నం పెట్టాల్నో
ఏ అయిపాయెకు లుంగీ మార్వాల్నో
తెలుసుకోనీకె నాకు రెండేండ్లు వట్టింది.

ఉసేన్‌కు బస్సులు కావాలె.
కిటికీ ఊసలు వట్కొని, హారన్ ఇని
కల్వకుర్తిదో నారాయణపేటదో చెప్తడు.
ఆఖరు బస్సు పోయేదాంక కన్ను మూయడు.
ఆర్టీసోళ్లు సమ్మె చేసినప్పుడు
మేమిద్దరం నిద్రవోలె.
గోడ అవతలికి పోయి నేనే హారన్ లెక్క అరిసిన.

సోమ్లికి ఫిట్స్ వచ్చే ముందు
ఎడమ చెవి ఎర్రగైతది.
అది ఏ డాక్టరు చీటీల లేదు.
నా కండ్లల్ల ఉన్నది.

ఇంటికంటున్నరు.
బక్కన్న ఇల్లు చూసొచ్చిన, మద్దూరు అవతల.
తాళమున్నది. తాళానికి తుప్పున్నది.
అన్నా వదినె పూణెల ఇటుకలు మోస్తున్నరు.
పదమూడో అంతస్తు లేస్తున్న కాడ
పరదా గుడిసె, తలుపు లేదు.
ఆడ వీడు "అయిపాయె" అంటే
ఎవలికి అర్థమైతది?

సోమ్లి తల్లి ఫోన్ల ఏడ్సింది.
"తెచ్చుకుంట అక్కా,
పత్తి ఏరనీకె పోయిన పూట
మంచం కోడుకు కట్టేస్త, ఇంకేం జేస్త?"
చెడ్డది కాదామె.
కూలికి పోకుంటే పొయ్యి ఎలగదు, గంతే.

ఉసేన్ తరఫున ఎవలికి చేసేటట్టు?
ఏడేండ్లప్పుడు దొరికిండు,
పాలమూరు బస్టాండ్ల, నాలుగో ప్లాట్‌ఫాం కాడ.
ఆధార్ కార్డుల ఇంటి అడ్రస్ అంటే
ఈ గేటే.

నేను దీన్ని స్వర్గమంటలేను.
ఎండకాలం బోరు ఎండుతది. గోడలు నెమ్ముతయి.
బెల్టు తీసే వార్డెన్ ఒకడుండె.
కొట్లాడి పంపిచ్చినం, గానీ ఆర్నెల్లు వట్టింది,
అండ్ల మొదటి రెండు నెలలు
నేను గూడ చూస్కుంట ఊకున్న.
డెంగీ వచ్చిన ఏడాది ఇద్దరు పోయిండ్రు.
వాళ్ల మంచాల మీద ఇప్పటికీ ఎవర్నీ పండవెట్టలే.
ఎలుకలున్నయని ఇల్లు కాలవెట్టుకుంటరా సారూ?
బోరెయ్యుండ్రి. ఇంకిద్దరు ఆయాల నియ్యుండ్రి.
గేటు తెరిసి పెట్టుండ్రి, బుధవారం సంతకు తీస్కపోత,
ఊరు వీళ్లను చూడాలె, వీళ్లు ఊర్ని చూడాలె.
కలుపుడంటే గది.
మంచాలు లారీ ఎక్కిచ్చుడు గాదు.

సారు పెన్ను జరసేపు ఆగింది.
తర్వాత మెల్లగ,
"ఇక్కడొక ఏలుముద్ర" అన్నడు.
ఇరవై ఏడు మందిని అప్పజెప్పినట్టు.
ఎవలికి అప్పజెప్పినట్టో
ఆ గడి ఖాళీ.

ఏలు కాలింది, ముద్ర పడదన్న.
అబద్ధమే.

పొద్దూకినంక జీపు కదిలింది.
మలుపు కాడ ఒక్కసారి హారన్ కొట్టింది.
ఉసేన్ ఊసలు వట్కొని నా దిక్కు తిరిగిండు:
"ఇది ఏ డిపో?"
నాకు తెల్వలే.
పండుకో బిడ్డా అన్న.
పండుకోలే.