వీపు మీద నంబరు

మొదట కిరసనాయిలు. ఒక రాత్రంతా నానాలి.
ఆ తర్వాత వెదురుపుల్ల, పాత బనియను గుడ్డ, ఓపిక.
సాన మాత్రం తగలనివ్వకూడదు.
తుప్పు శత్రువు, నలుపు చుట్టం.
ధరాన్ బజారులో పాత కత్తులు బేరమాడే కుర్రాళ్ళకి
నేను చెప్పే మొదటి పాఠం ఇదే.

ఇరవై రెండేళ్ళు పింఛను కచేరీలో గుమాస్తాని.
బతికే ఉన్నామని ఏటా కొండ దిగొచ్చి
వేలిముద్రతో రుజువు చేసుకునే సిపాయిలని చూశాను.
ఇప్పుడు మా గోడకి నలభై ఒక్క ఖుకురీలు.
వాటి కింద పక్క వెయ్యనంటుంది పబిత్రా.

ఒరలోంచి తీస్తే
నెత్తురు చూడందే లోపలికి పోదట!
యాత్రికులకి అమ్మే కథ.
నేను విదిలించిన ఒరల్లోంచి రాలినవి
మేక వెంట్రుకలు, వెదురు పొట్టు,
ఒకసారి ఎండిన యాలక్కాయ.

పిడి దగ్గర ఆ చిన్న గాటు ఎందుకు?
ఆవు గిట్ట అన్నాడొకడు, త్రిశూలం అన్నాడొకడు.
కొలిమి ముందు కూర్చున్న కామీని అడిగాను.
'మా అయ్య పెట్టేవాడు, నేనూ పెడుతున్నా,' అని
తిత్తి లాగాడు.

తేహ్రథుమ్ కొండమీద
జసమాయా లింబూ వంటింట్లో
ఇస్కుసు కాయ తరుగుతోంది దాంతోనే.
పిడికి రాగితీగ చుట్టు.
ఒర వెనక ఉండాల్సిన రెండు పిల్లకత్తుల్లో
ఒకటే మిగిలింది.
బొటనవేలితో మసి తుడిచాను.
కత్తి వీపు మీద అంకెలు:
ఏడు. ఒకటి. నాలుగు.

'మా ఆయన తాతది. ఏదో ఎడారిలో కొట్లాడాడంట.
ఆ ఊరి పేరు ఆయనకే నోరు తిరిగేది కాదు.'

ఆరు నెలలు తిరిగాను.
ఒక ముసలి సుబేదారు ట్రంకుపెట్టె అడుగున
చెదలు తినగా మిగిలిన పటాలం జాబితా.
జసమాయా ఇంటి తాత నంబరు
ఏడు వందల రెండు.
ఏడు వందల పద్నాలుగు
లాల్‌ధోజ్ రాయ్, భోజ్‌పుర్.
పేరు పక్కన, సిరా అలుక్కుపోయి,
'తిరిగి రాలేదు.'

చీకట్లో కత్తులు మారాయా?
పోయేవాడు చేతిలో పెట్టి పోయాడా?
ఉన్నవాడే మెల్లగా విప్పుకున్నాడా?
జాబితాలో అంతవరకే గడులు గీశారు.

విని, జసమాయా
కత్తికంటిన కాయ జిగురు కొంగుకి తుడిచింది.
'మనది కాని దాంతో ఇన్నేళ్ళు తరిగి తిన్నాం,' అంది.
డబ్బు తీసుకోలేదు.

ఇక్కడ ఒక మాట దాచను.
అప్పటికే మా గోడకి
నలభై రెండో మేకు కొట్టి వచ్చాను.
బస్సులో ఒళ్ళో పెట్టుకుని
దారి పొడుగునా ఆ మేకునే చూశాను.
రాయ్‌ల ఇల్లు ఎవడికి తెలుసు, ఎవరు అడుగుతారు
అనుకుంటూనే
దిగాల్సిన చోట దిగాను.
దిగానంటే దిగాను, అంతే.

వంతెన దాటి రెండు పూటల నడక.
లాల్‌ధోజ్ మునిమనవరాలు బుద్ధిమాయ.
ఇరవై ఏళ్ళుంటాయేమో.
ఇంట్లో అతని ఫొటో లేదు, పతకం లేదు,
పేరు కూడా మేనత్తని పిలిచి సరిచూసుకుంది.
ఏడుస్తుందనుకున్నాను.
వాదర మీద వేలు ఆనించి
'మొద్దుబారింది,' అంది.

కుళాయి పక్కన రాయి మీద
దోసెడు నీళ్ళు చల్లి కూర్చుంది.
వద్దనబోయాను. నోరు తెరిచాను కూడా.
రాయి మీంచి
వందేళ్ళ నలుపు, నేను ప్రాణంలా కాపాడే నలుపు,
బూడిదరంగు నీళ్ళై
ముల్లంగి మడిలోకి పారింది.

వీపు జోలికి పోలేదు ఆ పిల్ల.
అంకెలు అలాగే ఉన్నాయి.
పటుకాలో దోపుకుని,
బుట్ట నెత్తికి తగిలించుకుని,
గేదె ఆకలి మీదుందని
నాకు చెప్పేసి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చేసరికి
నలభై రెండో మేకుకి
పబిత్రా జల్లెడ తగిలించింది.