నాలుగు గీతలు

పైడిభీమవరం మందుల కంపెనీలో
నా జీతం పద్దెనిమిది వేలు.
కార్డు మాత్రం నన్ను చూసి
అరవై వేల మనిషి అనుకుంది.
నేనూ అనుకున్నాను, రెండు నెలలు.

ఫోను, తెల్ల బూట్లు,
శ్రీకాకుళంలో రూమ్మేట్లందరికీ బిర్యానీ.
గీకినప్పుడు చప్పుడే లేదు.
బిల్లు వచ్చింది:
ఇరవై ఒక్క వేల నాలుగు వందలు.
కింద చిన్నగా, ప్రేమగా,
కనీసం వెయ్యీ డెబ్బై కట్టినా చాలట.

గేటు బయట టీ బడ్డీ దాలమ్మకి
చదివి వినిపించాను.
ఆవిడకి చదువు రాదు, అప్పు వచ్చు.
"కొంచెం కట్టు, పర్నేదు అన్నోడి దగ్గరే
జాగర్తే గుంటా.
సేటు అలాగే అన్నాడు,
మా అయ్య పడవ తినీసినాడు."

బడ్డీ రేకు మీద బొగ్గు గీతలు,
మనిషికి నాలుగే.
ఐదో టీ అప్పడిగితే
సూపర్‌వైజర్‌కైనా గ్లాసు బోర్లిస్తుంది.

తీరడానికి ఏడు నెలలు.
వడ్డీ లెక్కేస్తే ఇంకో జత బూట్లు.

ఇప్పుడు నా క్యాలెండర్ మీదా పెన్సిల్ గీతలే:
స్కూటీ పెట్రోలు ఒకటి,
తమ్ముడి పరీక్ష ఫీజు ఒకటి.
నాలుగూ నిండాయా,
కార్డు బియ్యం డబ్బాలో పడుకుంటుంది.

ఈ రోజు జీతం పడింది.
బడ్డీ దగ్గర నిలబడే
"మొత్తం" అన్న చోట బొటనవేలు నొక్కాను.
దాలమ్మ తడిగుడ్డతో నా గీతలు తుడిచింది.
రేకు మీద తడి కాసేపు మెరిసి
ఆరిపోయింది.

"టీ తాగుతావేటే?" అంది,
కొత్త బొగ్గు ముక్క వెతుక్కుంటూ.