నా ఇటుక

కొండ ఎక్కేటప్పుడు మెట్లు నేను లెక్కపెట్టను,
మోకాళ్ళే లెక్కపెడతాయి.
పొద్దు ఇంకా పైకి రాలేదు కానీ
ఫన్ రాంగ్ ఎండ అప్పుడే నాగజెముళ్ళ మీద ఎక్కి కూచుంది.

మా ఊళ్ళో సారె లేదు.
కుండ ఉన్నచోటే ఉంటుంది, మేమే తిరుగుతాం
నడుం వంచి, వెనకడుగులేస్తూ,
తడిగుడ్డతో అంచు తీస్తూ.
అరవై ఏళ్ళు అలా తిరిగినదాన్ని,
ఈ గుడి చుట్టూ ఇంకో మూడు చుట్లు నాకో లెక్కా?

కలన్ అంటాం మేం దీన్ని.
సున్నం లేదు, సిమెంటు లేదు,
ఇటుక మీద ఇటుక, మధ్యలో గోరు కూడా దూరదు.
గుమ్మం పైన ఆరు చేతుల శివుడు
ఒంటికాలి మీద ఎప్పట్నుంచి ఉన్నాడో!
ఆయన మోకాళ్ళ సంగతి ఎవరూ అడగరు.

డోళ్ళు వినపడ్డాయి.
రగ్లాయి వాళ్ళు కొండలు దిగి వస్తున్నారు
దేవుడి బట్టలు మోసుకుని.
ఆస్తి చివరి కూతురిది మా వాళ్ళలో.
మేం అక్కలం, వాళ్ళు చెల్లెళ్ళట.
ఏ యుద్ధంలోనో దాచమని ఇచ్చిన మూట
మేం తిరిగి అడగలేదు, వాళ్ళు మరిచిపోలేదు.
కాతే పండగనాడు తెచ్చి, కట్టి, విప్పి
మళ్ళీ పట్టుకెళ్ళిపోతారు.
ఈసారి మూట తెచ్చింది పినాంగ్ థి హొన్,
పంతొమ్మిదేళ్ళ పిల్ల, కాలికి ప్లాస్టిక్ చెప్పులు.

లోపల తాబేటి చిప్ప వాయిద్యం మూలిగింది.
తెల్లబట్టల పూజారి తలుపు తీయమని
దేవుణ్ణే అడిగాడు.
రాతిలింగానికి మొహం ఉంది, మీసం ఉంది.
నీళ్ళు పోస్తే ఆ మీసం మీంచి జారి
పానవట్టం దాటి, గడప దాటి
మా అరచేతుల్లోకి వచ్చాయి.
అందరూ తలకి రాసుకున్నారు.
నేను గుప్పిట మూసుకుని
దక్షిణపు గోడ దగ్గరికి నడిచాను.

నాలుగేళ్ళ కిందట ఇంజనీర్లు వచ్చారు.
పాత ఇటుక పొడి చేసి చూశారట,
ఆ జిగురేమిటో మిషను చెప్పలేదట.
"అవ్వా, నీ మట్టి ఎక్కడిది?"
వాగు పక్క పొలంలో, మూరెడు లోతున అన్నాను.
గడ్డీ కట్టెలూ పేర్చి ముప్పై కాల్చాను.
తొమ్మిది తీసుకున్నారు.
ఒకదాని వెనక బొటనవేలు నొక్కాను
నాదని తెలియడానికి.
ఆ వైపే గోడలోకి పోయింది.

అయినా నాకు తెలుసు,
కింద నుంచి పదకొండో వరుస, మూల నుంచి నాలుగోది.
దగ్గరికెళ్ళి చూద్దును కదా
తెల్లగా ఉప్పు పూసింది.
వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాను.
సముద్రమే. అబద్ధం కాదు.
పక్కనున్న ఏడొందల ఏళ్ళ ఇటుక
నిన్న ఆవం నుంచి దిగినట్టు ఎర్రగా నవ్వుతోంది.

గుప్పిట్లో మిగిలిన నాలుగు చుక్కలతో తుడిచాను.
ఈల వినపడింది.
"గోడ ముట్టుకోకూడదు అవ్వా" అన్నాడు కాపలా కుర్రాడు.
నేనెవరో చెప్పలేదు.
చెబితే నమ్మి "ఏది, ఏది" అంటాడేమో అని.

మధ్యాహ్నం సంపెంగ నీడలో ఆ పిల్ల హొన్,
నేను తెచ్చిన అల్లం రొట్టె చెరో ముక్క.
"పట్టు అంచు దగ్గర పోగులు ఊడిపోతున్నాయి,
సూది పెట్టకూడదంటాడు మా తాత,
చూస్తూ ఉండమంటాడు" అంది.
నేను ఉప్పు సంగతి చెప్పాను.
ఆ పిల్ల చెప్పులు విప్పి కాళ్ళు చాపింది.
మడమల మీద రెండు బొబ్బలు.

రాతి నంది ముందు ఎవరో రైతు
పచ్చగడ్డి పెట్టి, తినమని బతిమాలుతున్నాడు.

దిగేటప్పుడు మెట్ల మీద తట్టింది,
ఇసుక తగ్గించి ఉండాల్సింది.
ఊక బూడిద ఇంకో రెండు దోసిళ్ళు
కలిపి చూడాలి.