దీర్ఘం

సంచిల రెండు పానాలు, ఒక స్క్రూడ్రైవర్,
పెన్ను లెక్కుండే టీడీఎస్ మీటర్.
పొద్దున తొమ్మిదింటికి మణికొండల ఎనిమిదో అంతస్తు.
నా పనేందంటె
మనుషులు తాగకుండ ఆగిపోయినదాన్ని
చేతులతోని చూసుడు.

ఆర్నెల్ల కింద తెల్లగ వెట్టిన కాట్రిడ్జ్
ఇప్పితె ఎర్రమన్ను ముద్ద.
బోరు నీళ్ళ ఇండ్లల్ల సున్నం పొలుసు,
చాపను గీకినట్టు గీకుత.
కండ్లు మూసుకోని వాసన చూసి చెప్త
ఇది ట్యాంకరా, బోరా, మంజీరనా.
నీళ్ళకు రంగు లేదు, వాసన లేదని బడిల చదివిన.
ఇరవై రెండేండ్ల సర్వీసుల
గసోంటి నీళ్ళు ఒక్కపారి సుత చూడలే.

వాసంతి మేడం మీటర్ దిక్కు చూస్తది
జొరం చూసే డాక్టర్ మొకం చూసినట్టు.
"ముప్పై ఎనిమిది" అంటె నిమ్మళం.
మేడం, గీ అంకె ఉప్పును లెక్కవెడ్తది,
పురుగును లెక్కవెట్టది అంట.
ఇనదు.
సింకు కింద సన్నపైపు, ఒక బిందె మంచిదైతె
రెండు బిందెలు మోరీల వడ్తయి.
పనికొచ్చే లచ్చవ్వ ఆ పైపు కింద బకెట్ వెట్టింది.
"ఇవి సుత నీళ్ళే గద బిడ్డ."

మా ఇల్లు వారాసిగూడ.
దినం తప్పిచ్చి దినం నల్లా.
మొదటి రెండు బిందెలు పారవొయ్యాలె,
మూడోది పట్టాలె, ఇది మా గల్లి శాస్త్రం.
మా ఇంట్ల ఆర్వో లేదు. నవ్వకుండ్రి.
స్టీలు డబ్బ, రెండు తెల్ల క్యాండిళ్ళు.
ఆయితారం ఆయితారం పండ్లు తోమినట్టు తోముత.

వానలు వడ్డ వారం
మా హారిక రెండో తరగతి నోటుబుక్కుల రాసింది:
"మా ఇంటి ముందు నల్ల ఉంది.
నల్ల నీళ్ళు వస్తాయి."
టీచర్ ఎర్ర పెన్నుతోని రెండు సున్నలు చుట్టింది.
దీర్ఘం ఏది? పదిసార్లు రాయి.

గా రాత్రి నల్లా ఇప్పితె
ముందు గాలి, ముసలోడు దగ్గినట్టు.
ఎనుక నీళ్ళు, డికాషన్ లెక్క.
మోరీ వాసన.
బాలమణి బిందె వంచి నా దిక్కు చూసింది.
హారిక పెన్సిల్ ఆపి బిందెల తొంగి చూసింది.
"నాయినా, నేను రాసింది తప్పెట్ల?"

ఊరంత తిరిగి మంచినీళ్ళ మాటలు చెప్పెటోణ్ణి.
గా పిల్లకు ఇచ్చెతందుకు
నా సంచిల ఏ పార్టూ లేదు.

మూడు దినాలు.
గల్లిల ఆరుగురికి వాంతులు, యాదమ్మకు సెలైన్.
పొయ్యి మీద గంజు.
"బుడగలు పెద్దగ రావాలె, గప్పుడు షురూ జెయ్యి"
అంటది బాలమణి.
హారిక అరవై దాకా లెక్కవెట్టుడు
గట్ల నేర్సుకున్నది.

నాలుగో దినం లైన్‌మన్ జహంగీర్ తవ్విండు.
మోకాలి లోతుల రెండు పైపులు,
మోరీది, మంచిది,
ఒక్క సాపల పండుకున్నయి అన్నదమ్ముల లెక్క.
మంచిదానికి చిటికెనేలంత బొక్క.
నీళ్ళు రాని దినం పైపు పీల్చుకుంటదట,
ఆకలైన పిల్ల లెక్క, ఏది దొరికితె అది.
నేను ఉరికి సంచిలకెంచి రబ్బర్ వాషర్ తీసిచ్చిన.
జహంగీర్ నవ్విండు, బురద మొకంతోని.
"దీనికి గది సాలదు అన్నా."

మల్ల నల్లా వచ్చిన దినం
క్లోరిన్ వాసన గుప్పుమన్నది.
గల్లి ఆడోళ్ళందరు ముక్కులు మూసుకున్నరు.
నేను మాత్రం పీల్చిన.
ఏడనో ఒక వాల్వు కాడ
ఎవరో మమ్ముల యాది చేసుకున్నట్టు.

హారిక పదిసార్లు రాసింది.
తొమ్మిదిట్ల దీర్ఘం వెట్టింది.
పదోది ఇడిసిపెట్టింది.
నేను చూసిన.
దిద్దలే.

రేపు నల్లా దినం.
నాలుగింటికి అలారం వెట్టిన.