బండి ఱ

మస్కట్, మత్రా రేవు ఎదురుగా మా హోటల్.
పైన ఓడలు కనబడే గదులు,
నేలమాళిగలో ఆవిరి, మేము.
పదకొండేళ్లుగా ఊరూ పేరూ తెలియని చొక్కాల ముడతలు
సాపు చేస్తున్నా.

జేబులు తడిమి చూడ్డం ఇక్కడ రూలు.
చిల్లరైతే కవర్లో వేయాలి,
కాగితమైతే చదవకుండా మడవాలి.
ఆ కోటులో దొరికిన కాగితాన్ని
చదవకుండా ఉండటానికి నేనేం కష్టపడలేదు.
అక్షరాలు ఇంగ్లీషువే, మాట ఒక్కటీ కాదు.
తిరిగివ్వడానికి వెళితే ఆ పెద్దాయన
గుమ్మంలోనే నిలబడి నాకు చదివి వినిపించాడు,
రెండుచోట్ల ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని.
నేను తలూపాను.
అర్థమైనట్టు ఊపిన ఆ తల
నాలుగేళ్లుగా మెడ మీద బరువుగా ఉంది.

అందుకే స్పానిష్.

హెచ్ఆర్‌లో ఉసామాకు ఇంత కథ చెప్పలేదు.
"సెలవు టికెట్ హైదరాబాదుకే ఇస్తాం.
అయినా ఇంకో పరాయి దేశం దేనికి,
ఇది చాల్లేదా నీకు?"
టికెట్ డబ్బు నాదే అన్నాను.
"సరే, ఏ ఊరు?"
అక్కడ ఆగిపోయాను.

రాత్రి షిఫ్టులో మారివిక్
మెషిన్ మూత మీద దేశపటం పరిచింది.
ఇలోయిలో మనిషి. వాళ్ల భాషలో స్పానిష్
పాత గోడలో మేకుల్లా మిగిలిపోయిందట:
బూట్లు, కిటికీ, చెంచా, సోమవారం.
"కీటో చవక. నిదానంగా మాట్లాడతారు,
కొండమీద ఊపిరాడదు, అంతే.
లేదంటే సలమాంకా పో. శుద్ధంగా మాట్లాడతారు."

శుద్ధంగా.
ఆ మాటకే ఒళ్లు మండింది.
ఎప్పుడో హైదరాబాదులో ఇంటర్వ్యూకు పోయి
"యాడ కూచోవల్ల సార్" అన్నందుకు
బల్ల చుట్టూ నలుగురూ నవ్వారు.
రాయచోటి నోరు నాది.
ఆనాటి నుంచి మాటకు గంజి పెట్టుకుని తిరుగుతున్నా.
కాలరు దగ్గర ఒరుసుకుంటుంది,
బయటికి కనపడదు.
ఇంకో భాషలో కూడా మళ్లీ అదే గంజా?

"బాగా మాట్లాడని ఊరు ఏదైనా ఉందా?"
మారివిక్ పగలబడి నవ్వింది.
నవ్వి, పటం అడుగున ఒక అంచు మీద గోరు పెట్టింది.
కాదిస్.
వాళ్ల పిన్నికూతురు అక్కడ ముసలివాళ్లను చూసుకుంటుంది.
సముద్రంలోకి చొరబడ్డ ఊరు,
మాట చివర సకారాలు మింగేస్తారట,
మిగతా దేశం వెక్కిరిస్తుందట,
వాళ్లు పట్టించుకోరట.

పట్టించుకోరు అన్న చోటే
టికెట్ కొనేశాను.

నాలుగు వారాలు. చేపల మార్కెట్ వెనక గది.
ఫారంలో మాతృభాష అని ఒక గడి.
తెలుగు అని రాశాక పక్కన కొంచెం చోటు మిగిలింది.
రాయచోటి, అని కూడా రాశాను.

ఇప్పుడు ప్రెస్ ముందు నిలబడి సాధన.
పెరో అంటే కానీ.
పెఱ్ఱో అంటే కుక్క.
నాలుక అంగిట్లో వణకాలి, నెలలు పడుతుంది,
అని భయపెడుతుంది పుస్తకం.
మారివిక్‌కు రాలేదు.
నాకు మొదటి దెబ్బకే వచ్చింది,
నేనే బెదిరాను.

తర్వాత గుర్తొచ్చింది.
ఎండిన మాండవ్య ఏటి ఇసకలో
మా చిన్నాయన మందను మళ్లించే కూత,
ఱ్ఱ్ఱ్ఱా.
బళ్లో గుఱ్ఱానికీ గొఱ్ఱెకూ బండి చక్రాలు పీకేసి
మామూలు ర తగిలించారు.
ఆ కబురు మందకు అందలేదు.
పాత అక్షరానికే తిరిగేది.

ఆవిరి తేటపడింది.
ఇంకో కోటు. జేబు తడిమాను, ఖాళీ.

ఆ పెద్దాయన ఆగిన రెండుచోట్లా
ఆ మాటే విన్నానని ఇప్పుడనిపిస్తాంది.
రెండిట్లో ఏదో తెలీదు,
అప్పటికి నా చెవికీ గంజి ఉండె.
కుక్క కోసం ఏడ్చినాడో
కానీ అన్నచోట ఏడ్చినాడో
కనుక్కోవల్ల.